మిట్ట ఊరికి నీళ్లెక్కిన రోజు

ఇంజనీరింగ్ చదివి, కొత్తగా ఉద్యోగంలో చేరిన అమ్మాయిలు ఈ మధ్య అప్పుడప్పుడూ మా ఇంటికి వస్తున్నారు. "ఫీల్డ్ పోస్టింగ్ అడగమంటారా? అడిగితే ఏమనుకుంటారో?" అని వాళ్ల గుంజాటన. రిటైరైన మనిషి దగ్గర సలహాలు మూటలు కట్టి ఉంటాయని వాళ్ల నమ్మకం. నా దగ్గర అలాంటి మూటలేమీ లేవు. నేను చేసిన ఒక పెద్ద తప్పు మాత్రం ఉంది. నా ఉద్యోగంలో నేను బాగా నవ్విన రోజు కూడా ఆ తప్పులో నుంచే పుట్టింది. దాని గురించి చెబుతాను, మీకు పనికొచ్చేది మీరే ఏరుకోండి.

అప్పుడు నేను ఆదోనిలో తాగునీటి పనులు చూసే డిప్యూటీ ఇంజనీరుని. ఆదోని నుంచి ఎమ్మిగనూరుకు పోయే రోడ్డులో, ఒకచోట దిగి లోపలికి పోతే, మిట్ట మీద ఒక ఊరుంది. చుట్టూ నల్లరేగడి, పత్తి చేలు. ఊరు మాత్రం ఎర్రమట్టి దిబ్బ మీద, ఎవరో ఎత్తి పెట్టినట్టు ఉంటుంది. అక్కడ బోరు వేస్తే వచ్చేవి ఉప్పునీళ్లు. పప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు. తాగే నీళ్లకు ఆడవాళ్లు మిట్ట దిగి రెండు మైళ్లు నడిచేవాళ్లు. కాలువ నీళ్లతో నింపే ఒక చెరువు నుంచి ఆ ఊరికి పదకొండు కిలోమీటర్ల పైపు వేసి, ఊళ్లో ట్యాంకు కట్టి, వీధివీధికీ కొళాయిలు పెట్టడం నా పని. అంచనా వేసిందీ నేనే, పని చేయించిందీ నేనే.

ప్రారంభోత్సవం నాడు షామియానా వేశారు, డప్పులు కొట్టారు. ముఖ్య అతిథి కొళాయికి కట్టిన రిబ్బను కత్తిరించి, చిరునవ్వుతో తిప్పాడు. కొళాయి దగ్గింది. నిజంగానే దగ్గింది, ముసలాయన గొంతు సవరించుకున్నట్టు రెండుసార్లు 'ఖళ్ ఖళ్' మని, నాలుగు చుక్కలు రాల్చి ఊరుకుంది.  అంతలో ఆడవాళ్ల గుంపులో నుంచి ఒక గొంతు ఖంగున మోగింది.

"యో, దానికి జలుబు చేసినట్టుండాది, శొంఠి కషాయం పోయండప్పా!"

ఊరంతా నవ్వింది. ముఖ్య అతిథి కూడా నవ్వాడు, కానీ నా వైపు చూసిన చూపులో నవ్వు లేదు. మా పెద్దసారు, అంటే మా ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు, రుమాలుతో మెడ తుడుచుకుంటూ కారెక్కారు. మర్నాడు పేపర్లో జిల్లా పేజీలో బొమ్మతో సహా పడింది.

అసలు ముందురోజు సాయంత్రమే నాకు అనుమానం రావాల్సింది. మోటారు వేసి చూస్తే ట్యాంకులోకి చిటికెన వేలంత ధార పడింది. మా ఫిట్టరు భాయ్ అప్పుడే చెప్పాడు. నలభై ఏళ్లుగా పైపులతో బతికిన మనిషి ఆయన. ఆదోని కోట కింద వాళ్లిల్లు. ఇనుప కడ్డీ ఒక చివర పైపు మీద, ఇంకో చివర చెవి దగ్గర పెట్టుకుని లోపల ఏం జరుగుతున్నదో వినేవాడు.

"మేడమ్, లోపల హవా ఉండాది. నీళ్ల సద్దు గాదు ఇది."

నేను పైపులైను గీసిన నక్షా తెరిచి చూపించాను. "చూడు భాయ్, ఎత్తు ఉన్న ప్రతిచోటా గాలి వాల్వు పెట్టించాం. గాలి ఎక్కడ నిలుస్తుంది? కొత్త పైపు కదా, పొద్దున్నకు సర్దుకుంటుంది" అన్నాను.

ఆయన నక్షా చదవలేడు. "మీరు సెప్తాండారు గదా మేడమ్" అని కడ్డీ భుజాన వేసుకుని పోయాడు.

ఇక్కడ నా గురించి కొంచెం చెప్పాలి. నేను ఉద్యోగంలో చేరినప్పుడు కర్నూలులో నా పైఅధికారి మంచివాడు. ఎంత మంచివాడంటే, "ఎండలో నీకెందుకమ్మా, హాయిగా ఫ్యాను కింద కూర్చో" అని నాకు అంచనాలు తయారుచేసే టేబులు ఇచ్చాడు. ఆ టేబులు దగ్గర తొమ్మిదేళ్లు కూర్చున్నాను. నాతో చేరిన మగపిల్లలు కాలువల వెంట, గుట్టల వెంట తిరిగి నల్లబడి, పని నేర్చుకుని, ప్రమోషన్లకు ముందు వరసలో నిలబడ్డారు. నేను కాగితం నేర్చుకున్నాను. కాగితం మీద నన్ను మించినవాళ్లు లేరు. తర్వాత కొట్లాడి ఫీల్డ్ తెచ్చుకున్నా, కాగితంలో ఉన్నదే నేల మీద కూడా ఉంటుందన్న నమ్మకం నాలో అలాగే ఉండిపోయింది.

ఇంతకంటే సిగ్గుపడాల్సింది ఇంకొకటి ఉంది. ఆ ఏడాది మా ఆఫీసుకు ఒక కొత్త ఇంజనీరమ్మాయి వచ్చింది. తుగ్గలి వైపు పల్లె. నాన్న వేరుశెనగ పండించే రైతు. నాన్న పాత మోటారు సైకిలు మీద ఆఫీసుకు వచ్చేది. చేరిన మొదటి రోజే, "మేడమ్, నాకు ఏ లైను ఇస్తారు?" అని అడిగింది. నేనేం చేశానో తెలుసా? కిటికీ పక్క చల్లటి చోటు చూసి టేబులు వేయించాను. రిజిస్టర్లు తెచ్చి పెట్టించాను. "మొదట ఇవన్నీ నేర్చుకో తల్లీ, ఎండలు తగ్గనీ" అన్నాను. ప్రేమతోనే అన్నాను. నా పాత అధికారి కూడా ప్రేమతోనే అన్నాడు కదా.

ఆ అమ్మాయి ఆరు నెలలు ఆ కిటికీలో నుంచి బయటికి చూస్తూ రిజిస్టర్లు నింపింది.

కొళాయి దగ్గిన రెండో రోజు పెద్దసారు ఫోను చేశారు. ఆయన కోస్తా జిల్లా మనిషి, మామూలుగా గొంతెత్తరు. ఆ రోజూ ఎత్తలేదు.

"చూడండమ్మా, పదిరోజులు టైమిస్తున్నాను. నీళ్లు పోకపోతే పని ఇంకొకరికి అప్పగిస్తాను. ఈ డివిజన్‌లో ఫీల్డు పనులకు లేడీస్‌ని వేయొద్దని కూడా పైకి రాస్తాను. మీ మీద కోపంతో కాదు. ఈ ఎండలు, ఈ మనుషులు, మీకు పడదు ఇదంతా."

ఫోను పెట్టేశాను. నన్నంటే సరే. ఇంకా చేరని అమ్మాయిలకు కూడా నా వల్ల తలుపు మూసుకోబోతున్నది. కిటికీ దగ్గర కూర్చున్న ఆ పిల్ల నా ముఖం చూసి తల దించుకుంది. ఆ గదిలో ఫోను మాటలు గోడకు కూడా వినపడతాయి.

నేను పట్టుదలగా పని మొదలుపెట్టాను. మోటారు విప్పించాను, బాగుంది. పైపు ఎక్కడైనా కారుతోందా అని మనుషుల్ని పంపాను, చుక్క తడి లేదు. ఎవరైనా దొంగ కనెక్షను పెట్టుకున్నారా అని విచారించాను, లేదు. మోటారు దగ్గర ప్రెజరు చూపించే ముల్లు ఉండాల్సిన దానికంటే పైన నిలబడుతోంది. నీళ్లు ఎక్కడో తల బాదుకుంటున్నాయి. ఎక్కడన్నది నక్షా చెప్పడం లేదు. అలా ఐదు రోజులు పోయాయి.

ఆరో రోజు పొద్దున మిట్ట ఊరి ఆడవాళ్లు రెండు ఆటోల్లో ఖాళీ బిందెలతో దిగి, మా ఆఫీసు వరండాలో బారుగా కూర్చున్నారు. ముందు కూర్చున్నది ప్రారంభోత్సవం నాడు శొంఠి కషాయం పోయమన్న పెద్దమ్మే. ముక్కుకు రెండు వైపులా ముక్కుపుడకలు, నోట్లో వక్క.

"కొట్లాడేకి రాలేదు మేడమ్మా" అంది. "అడిగిపోదామని వచ్చినాం. మా ఊరమ్మకు దేవర చేసి ఆరేండ్లాయె. సుట్టాలకు కూడు పెట్టొచ్చు, తాగేకి నీళ్లు యాడ్నుంచి పోస్తాం? ఈ తూరి కొళాయి వస్తాదని వచ్చే మంగళారానికి దేవర పెట్టుకున్యాం. అల్లుండ్లకు, ఆడబిడ్డలకు అందరికీ సెప్పినాం. ఇప్పుడు వద్దని సెప్పాల్నా, రమ్మని సెప్పాల్నా? అదొక్కటి సెప్పు, పోతాం."

చూస్తున్నాం, వెతుకుతున్నాం అని ఏదో అన్నాను.

"ఎవురు ఎతుకుతాండారు?" అని ఆమె లోపలికి తొంగిచూసి, కిటికీ పక్కన ఉన్న అమ్మాయి వైపు వేలు పెట్టింది. "ఆ పాప ఎవురు?"

"ఇంజనీరే."

"ఇంజనీరైతే ఈడేంటికి కూసోనుంది? కాళ్లు బాగలేవా పాపం?"

వరండా అంతా కిసుక్కుమంది. నాకు చెంప మీద కొట్టినట్టయింది. ఆ అమ్మాయి మాత్రం లేచి నిలబడింది. ముందు నుంచే నోట్లో పెట్టుకుని ఉన్న మాటలా అంది:

"మేడమ్, నేను చాచాను తీసుకుని లైను మొత్తం నడుస్తాను. పదకొండు కిలోమీటర్లే కదా. మా నాన్న చేనుకు రోజూ అంతకంటే ఎక్కువే నడిచేదాన్ని."

చాచా అంటే ఫిట్టరు భాయ్. ఆయన అప్పటికే కడ్డీ చేతిలో పట్టుకుని గేటు దగ్గర ఉన్నాడు. వాళ్లిద్దరూ ముందే మాట్లాడుకున్నారని నాకప్పుడు అర్థమైంది. నా అనుమతి ఒక్కటే తక్కువ.

"పో" అన్నాను. పెద్దమ్మ వైపు తిరిగి, "దేవరకు అందరినీ రమ్మని చెప్పండి" అన్నాను. ఏ ధైర్యంతో అన్నానో ఇప్పటికీ తెలియదు. ఆమె ఒక చూపు చూసి, "సరే, నీ నోటి మాట మీద సెప్తాం" అని లేచింది.

వాళ్లు నడక మొదలుపెట్టిన రెండో రోజు మధ్యాహ్నానికి ఆ అమ్మాయి ఫోను చేసింది. "మేడమ్, ఒకసారి మీరు రావాలి" అంది.

జీపులో పోయాను. రోడ్డు దిగాక ఒక కిలోమీటరు చేలగట్ల మీద నడిచాను. ఎదురుగా ఒక రాళ్లగట్టు. దాని నెత్తిమీద వాళ్లిద్దరూ నిలబడి ఉన్నారు. అమ్మాయి తలకు తువ్వాలు చుట్టుకుంది. చెప్పుల నిండా రేగడి. ముఖం మాత్రం పండగలా వెలిగిపోతోంది.

"చాచా, మేడమ్‌కు వినిపించు" అంది.

ఫిట్టరు భాయ్ గట్టు కింద పైపు దగ్గర కడ్డీ ఆనించి నా చెవికి పెట్టాడు. నీళ్ల చప్పుడు, నేల లోపల ఎవరో నడుస్తున్నట్టు. తర్వాత గట్టు పైకి తీసుకొచ్చి, గుంత తీసి బయటపెట్టిన పైపు మీద ఆనించాడు. ఏమీ లేదు. డొల్ల.

"ఈడ కూసోనుంది మేడమ్ హవా. దర్జాగా కూసోనుంది."

పైపు ఎత్తు ఎక్కేచోట లోపలి గాలి వచ్చి చేరుతుంది. దాన్ని బయటికి వదలడానికి అక్కడ వాల్వు పెట్టకపోతే, సీసాకు బిరడా పెట్టినట్టు నీళ్లకు అడ్డం పడుతుంది. ఇది మొదటి పాఠం, మీకూ తెలిసిందే. కానీ నా నక్షాలో ఈ గట్టు లేదు. నక్షా ప్రకారం పైపు కింద చదునుగా ఉన్న పత్తిచేను మధ్యలో నుంచి పోవాలి.

"మేడమ్, పైపు ఇటు ఎందుకు మళ్లింది? ఎవరు మళ్లించమన్నారు?" అని అడిగింది అమ్మాయి. నన్ను నిలదీయడానికి కాదు, తెలియక అడిగింది.

అప్పుడు గుర్తొచ్చింది నాకు.  పైపు వేస్తున్నప్పుడు ఒకరోజు నేను కర్నూలులో మీటింగులో ఉన్నాను. పని చేసేవాళ్లు ఫోను చేశారు. చేను రైతు పైరు మధ్యలో తవ్వనివ్వడం లేదు, పక్కనున్న గట్టు మీదుగా వేయమంటారా అని. "సరే, వేయండి" అన్నాను, మీటింగులో నుంచి బయటికి కూడా రాకుండా. తర్వాత మరిచిపోయాను. వచ్చి చూడలేదు. నక్షా మార్చలేదు. చివర్లో 'నక్షా ప్రకారమే పని జరిగింది' అని సంతకం పెట్టాను.

ఆ ఫోను మాటకు కాగితం ఏదీ లేదు. పని చేసినవాళ్లే ఇష్టమొచ్చినట్టు మళ్లించారని నేనంటే, నమ్మడానికి అందరూ సిద్ధంగా ఉన్నారు. నేను ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు ప్రమోషను జాబితాలో ఉన్న ఏడాది అది. ఆ అర నిమిషంలో ఇవన్నీ నా మనసులో తిరిగాయని మీ దగ్గర దాచను.

"నేనే మళ్లించమన్నాను" అన్నాను. "ఫోన్లో చెప్పి మరిచిపోయాను. చూడకుండా సంతకం పెట్టాను."

 ఫిట్టరు భాయ్ కడ్డీ కింద పెట్టి, గట్టు మీద చతికిలబడి, సంచిలో నుంచి మంచినీళ్ల సీసా తీసి నాకిచ్చాడు.

"తాగండి మేడమ్. నేను ఈ చేత్తోనే ఒకసారి ఆదోని బజారు మొత్తానికి మూడు దినాలు నీళ్లు బందు చేసినా. ఉల్టా తిప్పినా వాల్వు. అప్పుడు సారు నన్ను కొట్టేకి వచ్చినాడు. పని జేసేటోని చేతినే తప్పులు పట్టుకుంటాయి. కూసుండేటోని జోలికి ఏంటికి వస్తాయి?"

నేను నవ్వాను. ఏడుపు కూడా కొంచెం కలిసింది అందులో. అమ్మాయి మొదట నన్ను చూసి భయపడి, తర్వాత తనూ నవ్వడం మొదలుపెట్టింది. రాళ్లగట్టు మీద మిట్టమధ్యాహ్నం ముగ్గురం అలా నవ్వుతుంటే, కింద చేలో పనిచేసుకుంటున్న రైతు తలెత్తి చూశాడు. ఆనాడు తవ్వనివ్వనని అడ్డం పడినాయనే. కథ విని, "నా పైరు కోసరం ఇంత అయినాదా?" అని నొచ్చుకుని, గుంత పెద్దది చేయడానికి తన పార తెచ్చాడు.

పెద్దసారుకు అక్కడి నుంచే ఫోను చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. గట్టు మీద పైపుకు రంధ్రం వేసి గాలి వాల్వు పెడతానన్నాను.

"కొత్త పైపుకు రంధ్రం వేస్తారా? పైనుంచి అనుమతి రావాలి. నెల పడుతుంది."

"దేవర ఎల్లుండి సార్. రేపు వేయిస్తున్నాను. నా బాధ్యత మీద అని రాసిస్తాను."

"రాసిస్తే మీ సర్వీసులో నిలిచిపోతుంది, తెలుసా?"

"తెలుసు సార్."

ఆయన "మీ ఇష్టం" అన్నారు. అది అనుమతి కాదు, వద్దనడమూ కాదు. నాకు అది చాలు.

మర్నాడు పొద్దున పనులు పంచుకునేటప్పుడు, అలవాటు కొద్దీ, నేను గట్టు మీద ఉంటాను, అమ్మాయి మోటారు దగ్గర నీడలో ఉంటుంది అనబోయాను. నాలుక మీదికి వచ్చిన మాటను అక్కడే మింగాను. ఆ గట్టును కనిపెట్టింది తను.

"గట్టు నీది" అన్నాను. "నేను మోటారు దగ్గర ఉంటాను. నువ్వు ఆపమంటే ఆపుతాను, వేయమంటే వేస్తాను. ఈరోజు పని నీ మాట మీద నడుస్తుంది."

ఆ పిల్ల ఒక్క క్షణం నన్ను తేరిపార చూసింది. "సరే మేడమ్" అని బండి కిక్కు కొట్టింది. వెనక సీటు మీద ఫిట్టరు భాయ్, ఒళ్లో సామాను సంచి, చేతిలో కడ్డీ. అలా పోతుంటే పెళ్లి ఊరేగింపులా ఉంది.

పైపు మీద ఇనుప పట్టీ బిగించి, దానిలో నుంచి రంధ్రం వేసి, వాల్వు కూర్చోబెట్టాలి. నేను చెరువు దగ్గర మోటారు గదిలో, స్విచ్చి మీద చెయ్యి పెట్టుకుని, ఫోను చెవికి అదుముకుని నిలబడ్డాను. పట్టీ బిగించాం అంది. రంధ్రం మొదలుపెట్టాం అంది. తర్వాత మాటలు ఆగిపోయి, ఒక పెద్ద 'బుస్స్' వినపడింది.

"ఏమైంది? ఏమైంది?" అని అరిచాను.

"మేడమ్, వినండి!" అని తను ఫోను ఆ రంధ్రం దగ్గర పెట్టింది. పది పాములు ఒకేసారి బుసకొట్టినట్టు గాలి. వెనక ఫిట్టరు భాయ్ "నికల్ రే, నికల్! ఎన్ని దినాలు కూసుంటావు?" అని బయటికి పొమ్మని గాలిని తిడుతున్నాడు.

"మేడమ్, మోటారు వేయండి. బయటికి పోయే వాల్వు కొంచెమే తిప్పండి. కొంచెమే."

తిప్పాను.

"ఎక్కువైంది మేడమ్! తగ్గించండి!"

తగ్గించాను. నా కింద పనిచేసే ఉద్యోగి నాకు ఆర్డరు వేయడం అదే మొదలు. ఎంత హాయిగా ఉందో చెప్పలేను. ఒకరి మాట మీద నమ్మకంతో చెయ్యి కదపడంలో ఇంత సుఖముందని, పాతికేళ్లుగా అన్నీ నేనే చూసుకోవాలని హైరానా పడినదాన్ని, ఆ గదిలో తెలుసుకున్నాను.

దాదాపు గంటసేపు గాలి పోయింది. తర్వాత ఫోన్లో చిటపటలు, ఆ తర్వాత కేకలు. ఎర్రటి బురద నీళ్లు ఎగజిమ్మి ఇద్దరినీ తలనుంచి కాళ్ల దాకా తడిపేశాయట. "వచ్చినాయి మేడమ్! వచ్చినాయి!" అన్నది ఆ అమ్మాయి. ఆరు నెలలు నా ముందు శుద్ధంగా మాట్లాడిన పిల్ల, ఆ క్షణంలో తన సొంత ఊరి మాటలో అరిచింది. ప్రెజరు ముల్లు నా కళ్ల ముందే దిగి, ఉండాల్సిన చోట నిలబడింది.

మోటారును అక్కడి పనివాడికి అప్పగించి జీపెక్కాను. నేను మిట్ట ఊరు చేరేసరికి ట్యాంకులో నీళ్లు పడుతున్న చప్పుడు వీధి చివరికి వినపడుతోంది. కింద అందరూ తలలెత్తి, వానమబ్బును చూసినట్టు ట్యాంకును చూస్తున్నారు. అమ్మాయి, ఫిట్టరు భాయ్ అప్పటికే వచ్చేశారు. ఇద్దరూ ఎర్రమట్టి బొమ్మల్లా ఉన్నారు.

"నువ్వే తిప్పు" అన్నాను అమ్మాయితో, కొళాయి చూపిస్తూ.

"నేనెందుకు మేడమ్? పెద్దమ్మ తిప్పాలి" అంది తను. అది నాకు తట్టలేదు, చూడండి.

పెద్దమ్మ కొంగు నడుముకు దోపి, కొళాయిని ముందు వేలితో తట్టి, "ఈ తూరి దగ్గినావంటే సూడు" అని బెదిరించి, తిప్పింది. మొదట ఎర్రగా, తర్వాత తేటగా, బిందె అడుగున ధనధనా శబ్దం చేస్తూ నీళ్లు పడ్డాయి. ఆమె దోసిలి పట్టి తాగింది. ఉప్పు లేదని ఇంకోసారి తాగి చూసింది. తర్వాత దోసిలి నింపి, నేను తప్పుకునే లోపల నా ముఖాన కొట్టింది.

అంతే. ఆ వీధిలో ఇక ఎవరికీ పట్టపగ్గాలు లేవు. చెంబులు, బిందెలు, గిన్నెలు. మా ఫిట్టరు భాయ్ టోపీ తడిసింది. ఎర్రమట్టి కడుక్కుపోయి అమ్మాయి అసలు రంగు బయటపడింది. సరిగ్గా అప్పుడే పెద్దసారు కారు వచ్చి ఆగింది. ఆయన తలుపు తీసి కాలు కింద పెట్టారు, బూటు మడమ దాకా నీళ్లలో మునిగింది. ఆయన కాలు వెనక్కి తీసుకోలేదు. రెండో కాలు కూడా దింపారు.

"ఎవరు కనిపెట్టారు?" అని అడిగారు.

"ఈమె సార్, ఫిట్టరుతో కలిసి. పదకొండు కిలోమీటర్లు నడిచి కనిపెట్టారు. తప్పు నాది."

"అది నిన్న చెప్పారుగా" అని, ఆయన అమ్మాయి వైపు తిరిగి, ఎన్ని అంగుళాల వాల్వు, ఎక్కడ పెట్టావు, మళ్లీ గాలి చేరితే ఏం చేస్తావు అని వరసగా అడిగారు. తడిసిన జుట్టు వెనక్కి తోసుకుంటూ ప్రతి ప్రశ్నకూ జవాబు చెప్పింది. నన్ను తొమ్మిదేళ్ల దాకా ఎవరూ అడగని ప్రశ్నలవి. లేడీస్‌ని వేయొద్దని పైకి రాస్తానన్న ఉత్తరం సంగతి ఆయన మళ్లీ ఎత్తలేదు.

మంగళవారం దేవర జరిగింది. నాకూ, అమ్మాయికీ పెద్దమ్మ రవికె గుడ్డలు పెట్టింది. ఫిట్టరు భాయ్‌కి తలపాగాగా పట్కా చుట్టారు. వాళ్లింట్లో అల్లుళ్లు నీళ్లు అడిగితే, "పో, కొళాయి కాడ పట్టుకోపో" అని ఆమె దర్పంగా చెయ్యి చూపించడం నేను కళ్లారా చూశాను.

మెమో వచ్చింది. చూడకుండా సంతకం ఎందుకు పెట్టారో సంజాయిషీ ఇవ్వమని అడిగారు. ఒకే వాక్యం రాశాను: "చూడకుండా పెట్టడం నా తప్పే." ప్రమోషను ఒక ఏడాది వెనక్కి పోయింది. నాతో పాటు జాబితాలో ఉన్నవాళ్లు ముందు పోయారు. బాధపడలేదంటే అబద్ధం, ఒక వారం అన్నం సయించలేదు. కానీ ఆ ఏడాదంతా రోజుకొక లైను చొప్పున నడిచాను. నా మోకాళ్లు మొత్తుకున్నాయి గానీ, ఏ ఊరికి ఏ పైపు ఎలా పోతుందో నా అరికాళ్లకు తెలిసిపోయింది. ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుగా ఆ కుర్చీలో కూర్చున్నప్పుడు అది ఎంత పనికొచ్చిందో చెప్పలేను.

రిటైరు కావడానికి కొద్ది నెలల ముందు ఒక వేసవి. కాలువకు నీళ్లు తొందరగా ఆగిపోయాయి. ఉన్న చెరువు నీళ్లను మూడు మండలాలు పంచుకోవాలి. ఆదోనిలో నా గదిలో మీటింగు పెట్టాను. మూడు మండలాల నుంచీ ముగ్గురు ఇంజనీర్లు వచ్చారు, ముగ్గురూ ఆడవాళ్లే. ఆనాటి కిటికీ పక్క అమ్మాయి అప్పటికి ఎమ్మిగనూరులో డిప్యూటీ ఇంజనీరు. మిగతా ఇద్దరూ తనకంటే చిన్నవాళ్లు.

అటెండరు బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఎవరూ ముట్టలేదు. నక్షా పరిచి ముగ్గురూ దాని మీద వంగి కొట్లాడుకుంటున్నారు.

"మీ ట్యాంకు నిండడానికి ఆరు గంటలు చాలు, ఎనిమిది ఎందుకు అడుగుతున్నావు?"

"చివరి ఊరు నువ్వు చూసినావా అక్కా? నేను పోయి చూసినాను. ఆడ ఆరు గంటలకు ఏమీ రాదు."

"అయితే నా ఊర్లు ఎండాల్నా?"

నేను రెండుసార్లు గొంతు సవరించుకున్నాను. మధ్యలో దూరి తీర్పు చెబుదామని. ఎవరూ తల ఎత్తలేదు. ఇంకాసేపటికి వాళ్లలో వాళ్లే ఒక ఏర్పాటుకు వచ్చారు, నేను అనుకున్నదానికంటే మంచిది. పెన్సిలుతో వంతులు రాసుకున్నారు. "మేడమ్, ఇక్కడ మీ సంతకం" అని కాగితం నా ముందుకు తోశారు. చదివి పెట్టాను.

మళ్లీ వాళ్లు నక్షా మీద వంగారు, ఈసారి వచ్చే ఏడు పని గురించి. నా అవసరం ఆ గదిలో ఎవరికీ లేదు. ఇంత మంచి రోజు నా ఉద్యోగంలో ఇంకోటి లేదనుకుంటూ, ఉగ్గాని పళ్లెం దగ్గరికి జరుపుకుని, పూర్తిగా చల్లారకముందే ఒక బజ్జీ తీసుకున్నాను.